కంటిలోని నలుసా, కంటిలోన నలుసా?

సగంగుర్తు: వేమన పద్యం ఒకటి సగమే గుర్తుండి వేధిస్తోంది. చెప్పు, జోరీగ అయ్యాక రెండో పాదం "కంటిలోని నలుసు" అని మొదలవుతుందా, "కంటిలోన నలుసు" అనా? చిన్నప్పుడు చదివినది "ని" అనే అనిపిస్తోంది. కంటి మెలనోమా (రంగు కణాల క్యాన్సర్) కణితిలోకి చేరే రక్షణ కణాల మీద వ్యాసం రాస్తున్నాను, శీర్షికగా పెట్టాలి. మూడో పాదంలోని "ఇంటిలోని పోరు" కూడా కావాలి.

పాఠాంతరం: ఛందస్సు తేల్చదు. ఆటవెలదిలో "లోని" అయినా "లోన" అయినా హగణమే (ఒక గురువు, ఒక లఘువు), యతికీ దానితో పని లేదు. 1829లో బ్రౌన్ వేమనను అచ్చు వేయించక ముందూ పాఠభేదాలే, తరువాతా పాఠభేదాలే. మన చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో తాటాకులు తిరగేసినవారిని అడగండి: లేఖకుడి చెవికి ఏది వినబడితే అదే వేమన.

నేత్రావధాని: అర్థం తేలుస్తుంది. "లోని" అంటే కంటికి చెందినది, "లోన" అంటే కంట్లో పడినది. నలుసు బయటినుంచి పడేది కనుక వేమనది "లోన". మీ వ్యాసానికి మాత్రం "లోని" కావాలి. ఈ కణితి ఎక్కడినుంచో వచ్చి పడదు. కంటి మధ్యపొరలో రంగునిచ్చే మెలనోసైట్లలోనే పుడుతుంది, ఎక్కువగా రక్తనాళాల పొర అయిన కోరాయిడ్‌లో.

పాఠాంతరం: ఈ లెక్కన "చెప్పులోని రాయి" చెప్పులోనే పుట్టిందా అవధానిగారూ?

జోరీగ: అక్షరం పట్టుకుని వేలాడుతున్నారు. చిక్కంతా "పోరు"లో ఉంది. యుద్ధమా, సతాయింపా? అత్తపోరు, సవతిపోరు అంటాం కదా. రాయి, జోరీగ, నలుసు, ముల్లు: ఇవేవీ చంపవు, ఊపిరి సలపనివ్వవు. వేమన చూసిన ఇల్లు కురుక్షేత్రం కాదు.

సగంగుర్తు: నాకు కావలసింది ఆ తేడాయే. చర్మపు మెలనోమాలో లింఫోసైట్లనే రక్షణ కణాలు కణితిలోకి దండిగా చేరితే సాధారణంగా శుభసూచన. కంటి మెలనోమాలో తలకిందులు. టి కణాలు (లింఫోసైట్లలో ఒక రకం), మాక్రోఫేజ్‌లు (మింగేసే రక్షణ కణాలు) కిక్కిరిసిన కణితులే కాలేయానికి పాకే అవకాశం ఎక్కువ. మూడో క్రోమోజోమ్ జంటలో ఒకటి పోయి, కణితులను అదుపులో ఉంచే బాప్1 జన్యువు చెడినవాటిలో ఈ రద్దీ మరీ ఎక్కువ. ఆ మాక్రోఫేజ్‌లలో చాలా మటుకు ఎం2 తరహావి, కొత్త రక్తనాళాలు మొలవడానికి సాయపడి టి కణాలను అణిచేవి. 2020లో ఒక్కొక్క కణాన్నీ విడిగా చదివిన పరిశోధనలో టి కణాల మీద కనబడిన పగ్గం ప్రధానంగా పిడి1 కాదు, లాగ్3 (రెండూ టి కణాలను ఆపే ప్రోటీన్లే). పిడి1ను అడ్డుకునే మందులు ఇక్కడ అంతగా పనిచేయకపోవడానికి అదొక కారణం కావచ్చు. ఇప్పుడు చెప్పండి, ఇది ఏ పోరు?

నేత్రావధాని: పోరు కాదు, పొందు. "పోరు నష్టం, పొందు లాభం" అన్నారు, ఇక్కడ లాభం కణితికి. కన్ను మొదటినుంచీ తగవులు పెట్టుకోని చోటు. కంటి ముందుగదిలో అతికించిన పరాయి చర్మాన్ని శరీరం వెంటనే తిప్పికొట్టదని శాస్త్రవేత్త పీటర్ మెడవార్ 1948లోనే చూపించాడు. లోపల వాపు రేగితే పోయేది చూపే మరి.

ఛాదస్తం: తమిళంలో "పోర్" అంటే అచ్చంగా యుద్ధం. చెన్నై దగ్గరి తిరుప్పోరూరుకు ఆ పేరు కుమారస్వామి అసురులతో పోరినందుకేనని స్థలపురాణం. సతాయింపు అర్థం మన తెలుగు ఇళ్లలో మొలిచిందని నా సిద్ధాంతం. తిక్కన పోరు అంటే బాణాలే.

జోరీగ: తిక్కనను ఇంట్లోకి తేకండి, మహానుభావుడు రాజసభల మనిషి. మీరంతా దాటేసిన మాట "ఇంతింత గాదయా". పోతన వటుడు ఇంతింతై పెరుగుతుంటే ప్రతి మెట్టూ కొలిచి చూపించాడు. వేమన ఆ కొలతే వద్దు పొమ్మన్నాడు. నాలుగు ముక్కల్లో అంత కసి పోతనకు చేతకాదు.

ఛాదస్తం: పోతన జోలికి వస్తే ఊరుకోను.

నేత్రావధాని: యుద్ధం అర్థం వదులుకోకండి. 2022 జనవరిలో అమెరికా అనుమతించిన టెబెంటాఫస్ప్ అనే మందు ఒక కొసతో టి కణాన్ని, మరో కొసతో కణితి కణం మీది జిపి100 ప్రోటీన్ తునకను పట్టుకుని ఎదురెదురుగా నిలబెడుతుంది. హెచ్‌ఎల్‌ఏ-ఏ*02:01 అనే కణజాల రకం ఉన్నవారికే అది పనికివస్తుంది. వ్యాధి పాకినవారిలో ఏడాది తరువాత బతికి ఉన్నవారు 73 శాతం, వైద్యులు ఎంచిన వేరే మందు వాడినవారిలో 59. ఇది సతాయింపా?

జోరీగ: నూటికి నూరుపాళ్లూ! కదలని టి కణం పోరగా పోరగా ఒప్పుకుంది.

సగంగుర్తు: వ్యాసం రేపు పంపాలి. "ని"తో పంపుతున్నాను.

పాఠాంతరం: "న" అని అధోజ్ఞాపిక వేయండి.

ఛాదస్తం: అది సరే, "కాలిముల్లు" కలిపి రాస్తారా, విడదీసి రాస్తారా?