చిత్తూరు పిన్‌కోడు 517001 ప్రధాన సంఖ్యేనా? ఎంతదాకా భాగించి చూడాల?

ప్రశ్న (చిత్తూరు నుంచి, ఒక తల్లి):
మా పాప ఎనిమిదో తరగతి. ఎవరి ఊరి పిన్‌కోడు వాళ్లు తీసుకుని అది ఏ రకం సంఖ్యో కారణాలతో రాసుకు రమ్మన్నారు. మాది 517001. పాప 2, 3, 5, 7 అంటూ 31 దాకా భాగించింది, ఏదీ పోలేదు. ప్రధాన సంఖ్య అని రాసేయొచ్చా?

జవాబు (తిరుపతి, లెక్కల టీచరు):
వద్దమ్మా, ఆ తరవాతి దాంట్లోనే ఉంది. 37 × 13973 = 517001. ఇక 13973 ఒక్కటి చూస్తే చాలు. దాని వర్గమూలం 118కి కాస్త పైన, కాబట్టి 113 దాకా చూస్తే సరి. 89 దగ్గర తెగుతుంది: 89 × 157. అంటే 517001 = 37 × 89 × 157, సంయుక్త సంఖ్య. మూడు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం కాబట్టి దీన్ని స్ఫెనిక్ సంఖ్య అని కూడా అంటారు. అలాంటి వాటిలో అతి చిన్నది 30.

కారణాంకాలు ఎనిమిది: 1, 37, 89, 157, 3293, 5809, 13973, 517001. చివరిది వదిలి మిగతావి కూడితే 23359 వస్తుంది. సంఖ్యకంటే బాగా తక్కువ కాబట్టి న్యూన సంఖ్య.

ప్రశ్న (తిరుపతి, ఇంటర్ విద్యార్థి):
సార్, మరి మన 517501?

జవాబు (టీచరు):
అది ప్రధాన సంఖ్యే నాయనా. 719 వర్గం 516961, 720 వర్గం 518400. అందుకని 719 దాకా చూడాల. అంతలోపు 128 ప్రధాన సంఖ్యలున్నాయి. అన్నిటితో కుస్తీ పట్టక్కర్లేదు, సగం పని తగ్గించే దారి ఉంది.

699² + 170² = 488601 + 28900 = 517501. ఇలా ఉమ్మడి కారణాంకం లేని రెండు సంఖ్యల వర్గాల మొత్తంగా వచ్చిన బేసి సంఖ్యను భాగించే ప్రతి ప్రధాన సంఖ్యా 4తో భాగిస్తే 1 మిగిల్చేదే అయ్యుండాలి. కాబట్టి 7, 11, 19, 23 లాంటివాటిని ముట్టుకోనే వద్దు. 5, 13, 17, 29, 37... ఇవే చూడు. అలాంటి ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చని ఫెర్మా 1640లోనే చెప్పాడు, నిరూపించింది మాత్రం ఆయిలర్.

చిత్తూరు సంఖ్య ఈ విషయంలో ఇంకా బాగుంటుంది. 37, 89, 157 మూడూ ఆ రకమే. 37 = 6² + 1², 89 = 8² + 5². వీటిని గుణిస్తే 43² + 38² వస్తుంది, 53² + 22² కూడా వస్తుంది. ఈ గుణకార సూత్రాన్ని క్రీ.శ. 628లోనే బ్రహ్మగుప్తుడు ఇచ్చాడు. 157 = 11² + 6²తో మళ్లీ గుణిస్తే 517001కి నాలుగు రూపాలు:

715² + 76²
701² + 160²
676² + 245²
560² + 451²

ఒక్కొక్కటి పాపతో చేయించండమ్మా, చేత్తోనే. ప్రధాన సంఖ్య అయిన 517501కి మాత్రం ఇలాంటి రూపం ఒక్కటే.

ప్రశ్న (చిత్తూరు తల్లి):
చాలా థాంక్స్ సార్. పాప ఇంకోటి అడుగుతా ఉంది, 517501 పక్కన కవల ఉందా అని.

జవాబు (టీచరు):
ఉంది. 517499 కూడా ప్రధాన సంఖ్యే. తేడా 2 కాబట్టి ఇవి కవల ప్రధాన సంఖ్యలు. మధ్యలో ఉన్న 517500ను 6 భాగిస్తుందని చూపించండి. 3, 5 జంటను వదిలేస్తే, ఏ కవలల మధ్యనైనా 6 గుణిజమే ఉంటుంది. ఎందుకో పాపనే ఆలోచించమనండి, 2తోనూ 3తోనూ భాగించి చూస్తే తేలిపోతుంది.