హోస్టింగ్‌లో పీహెచ్‌పీ సెట్టింగులు అసలు ఎంతున్నాయో చూసేదెక్కడ?

తంబూరా:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు హరిదాసు. కోనసీమ ఊళ్లలో ఆయన చెప్పిన కథలు 31 క్యాసెట్లు మిగిలాయి. ఒక్కొక్కటీ ఎంపీ3 చేసి చిన్న వర్డ్‌ప్రెస్ సైటులో పెడదామని కూర్చున్నాను. క్యాసెట్ ఒక వైపు 30 నిమిషాలు, 192 కేబీపీఎస్‌లో 43 ఎంబీ అవుతోంది. ఎక్కించబోతే అప్‌లోడ్ మ్యాక్స్ ఫైల్‌సైజ్ దాటిందని ఎర్రగా వస్తోంది. మీడియా పేజీలో గరిష్ఠం 2 ఎంబీ అని ఉంది.

హోస్టింగ్ వాళ్లకి రాస్తే, "మీ ప్లాన్‌కి 64 ఎంబీ ఇచ్చాం మేడమ్, మా వైపు అంతా బాగానే ఉంది" అన్నారు. తెలిసినావిడ చెప్తే పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ నడిచే భాష) సెట్టింగులు రాసే పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ అని ఫైలు రాసి, సైటు ఫోల్డర్ పబ్లిక్ హెచ్‌టీఎంఎల్‌లో పెట్టాను. ఏమీ మారలేదు. దయచేసి బిట్‌రేటు తగ్గించమనకండి. 64 కేబీపీఎస్‌కి దించి విన్నాను, చిడతల మోత రేకు మీద గులకరాళ్లు పోసినట్టుంది. సర్వర్ నిజంగా ఏ అంకె పాటిస్తోందో నా కళ్లతో చూడాలి. ఎక్కడ కనిపిస్తుంది?

రాత్రి షిఫ్టు:
ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) ఉంటే టెర్మినల్‌లో పీహెచ్‌పీ, పక్కన హైఫన్ ఐ కొట్టండి. మొత్తం వచ్చేస్తుంది.

పాత సర్వర్:
ఇక్కడ దాన్ని నమ్మొద్దండి. టెర్మినల్ పీహెచ్‌పీ చాలాచోట్ల వేరే ఐఎన్ఐ చదువుతుంది. అక్కడ మ్యాక్స్ ఎగ్జిక్యూషన్ టైమ్ సున్నా, అంటే హద్దు లేనట్టే. వెబ్‌లో మామూలుగా 30 సెకన్లు. ఆ తేడా తెలియక నేను ఒక క్లయింటు సైటు మీద రెండు రాత్రులు పోగొట్టుకున్నాను.

తంబూరా గారూ, మీరు అడిగింది సరైన ప్రశ్న. సపోర్టు మాట, ప్లాన్ పేజీ పక్కన పెట్టండి, సైటు నడిపే పీహెచ్‌పీనే అడుగుదాం. నోట్‌ప్యాడ్‌లో ఒక్క లైను: పీహెచ్‌పీ ట్యాగు తెరిచి, పీహెచ్‌పీఇన్ఫో అని కలిపి రాసి, ఖాళీ బ్రాకెట్లు, సెమీకోలన్. పేరు ఎవరూ ఊహించలేనిది పెట్టండి, ఎందుకంటే ఆ పేజీలో సర్వర్ దారులు, వెర్షన్లు అన్నీ బయటపడతాయి. సైటు ఉన్న ఫోల్డర్‌లో పెట్టి బ్రౌజర్‌లో తెరవండి. పైన సర్వర్ ఏపీఐ, లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్ అనే రెండు వరుసలు చదవండి. తర్వాత అప్‌లోడ్ మ్యాక్స్ ఫైల్‌సైజ్, పోస్ట్ మ్యాక్స్ సైజ్ వెతకండి. లోకల్ వాల్యూ మీ ఫోల్డర్‌కి వర్తించేది, మాస్టర్ వాల్యూ సర్వర్‌ది. నాలుగూ ఇక్కడ రాయండి.

తంబూరా:
చూశాను. సర్వర్ ఏపీఐ: ఎఫ్‌పీఎం ఫాస్ట్‌సీజీఐ. లోడెడ్ ఫైలు ఎక్కడో ఈటీసీ కింద ఉంది, నాది కానే కాదు. అప్‌లోడ్ రెండు గడుల్లోనూ 2ఎం, పోస్ట్ రెండింట్లోనూ 8ఎం. 64 ఎక్కడా లేదు!

పాత సర్వర్:
2, 8 పీహెచ్‌పీ పుట్టు అంకెలు. అంటే మీ ప్లాన్‌కి ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఎఫ్‌పీఎం, అంటే పీహెచ్‌పీని వెబ్ సర్వర్ నుంచి విడిగా నడిపే పద్ధతి, మీ ఫోల్డర్‌లోని పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ వైపు చూడదు. చుక్కతో మొదలయ్యే యూజర్ డాట్ ఐఎన్ఐ చూస్తుంది. అప్‌లోడ్ హద్దు అందులో రాయండి. హెచ్‌టీయాక్సెస్ అనే వెబ్ సర్వర్ సెట్టింగుల ఫైలులో మాత్రం పీహెచ్‌పీ వాల్యూ లైన్లు పెట్టకండి, ఎఫ్‌పీఎం ఉన్నచోట సైటు మొత్తం 500 ఎర్రర్ ఇస్తుంది. రాసిన వెంటనే మారకపోతే కంగారు పడకండి, మామూలుగా 300 సెకన్లకోసారే ఆ ఫైలు మళ్లీ చదువుతుంది.

తంబూరా:
ఐదు నిమిషాలు ఆగి చూశాను. లోకల్ గడిలో ఇప్పుడు 64ఎంబీ, మాస్టర్‌లో 2ఎం. మీడియా పేజీ 8 ఎంబీ అంటోంది. కానీ ఇప్పుడు 300 కేబీ ఫోటో కూడా ఎక్కడం లేదు. ఇందాకటిదాకా ఎక్కింది.

రాత్రి షిఫ్టు:
ఎంబీ అని రాశారా? బీ తీసేయండి! పీహెచ్‌పీ చివరి అక్షరం ఒక్కటే చూస్తుంది: కే, ఎం, జీ. బీ దానికి తెలియదు, అందుకే 64 బైట్లు అనుకుంటోంది. వర్డ్‌ప్రెస్ ఎం కనబడగానే మెగాబైట్లుగా తీసుకుంటుంది, అందుకే ఆ పేజీ మామూలుగా కనిపిస్తోంది. 8.2 నుంచి పీహెచ్‌పీ హెచ్చరిక ఇస్తుంది, అంతకు ముందు నోరు మెదపదు.

పాత సర్వర్:
సరిగ్గా పట్టారు. మేడమ్, పోస్ట్ మ్యాక్స్ సైజ్ కూడా అదే ఫైలులో రాయండి, 72ఎం ఇవ్వండి. ఫైలుతోపాటు ఫారంలోని మిగతావి కూడా అందులోనే పట్టాలి. అది దాటితే పీహెచ్‌పీ ఫారాన్ని ఖాళీగా అందిస్తుంది. అప్పుడు ఎర్రర్ కూడా సరైనది రాదు, వెతుక్కుంటూ పోతాం.

తంబూరా:
లోకల్ 64ఎం, 72ఎం. మొదటి క్యాసెట్ ఏ వైపు ఎక్కింది, రుక్మిణీ కల్యాణం కథ. నాలుగు నిమిషాలు పట్టింది. ఆ చూపించే ఫైలు తీసేశాను. పేజీ ఫోటో తీసి సపోర్టుకి పంపాను, మాస్టర్ వాల్యూ కూడా మార్చమని.

24వ నిమిషంలో నాన్నగారు కథ ఆపి పెట్రోమాక్స్‌కి గాలి కొట్టమంటారు. ఆ పంపు చప్పుడు కూడా శుభ్రంగా వినిపిస్తోంది. మీ ఇద్దరికీ లింకు పంపాను, తప్పకుండా వినండి.