క్రాఫ్ట్ డబ్బా మీద తెల్ల ముద్ర వేలికి అంటుతోంది, కార్డు మీద నల్ల గీత కరిగిపోతోంది

కాగితప్పడవ

అందరికీ నమస్కారం. రబ్బరు స్టాంపులతో కార్డులు చెయ్యడం ఈమధ్యే మొదలుపెట్టాను. ఇప్పుడు ఒక స్నేహితురాలి కోసం చిన్న మూత డబ్బా, దానికి జోడీగా ఒక కార్డు చేస్తున్నాను. రెంటి మీదా ఒకటే బొమ్మ, ఫెర్న్ ఆకు. చెక్క దిమ్మకి అతికించిన ఎర్ర రబ్బరు స్టాంపు, దాదాపు నా అరచెయ్యంత ఉంటుంది.

కార్డు తెల్లది. నల్ల ఇంకుతో ఆకు గీతలు అచ్చు వేసి, ఆరాక లోపల వాటర్ కలర్ నింపుతుంటే నల్లది కరిగి ఆకుపచ్చలో కలిసిపోతోంది. ఆకు మసిబారినట్టు అవుతోంది. రాత్రంతా ఆరబెట్టి చూశాను, అదే తంతు. డబ్బా ఏమో గోధుమరంగు క్రాఫ్ట్ అట్టతో. దాని మీద తెల్ల ఇంకు ముద్ర ముచ్చటగా ఉంది కానీ మూత తీసినప్పుడల్లా వేలికి అంటుతోంది. ఇది చాలదన్నట్టు స్టాంపు అంచులు బాగా పడి, మధ్యలో వెలిసినట్టు పడుతుంది. గట్టిగా నొక్కితే బొమ్మ చుట్టూ ఉన్న రబ్బరు అంచు కూడా గీతలా దిగుతోంది.

స్టాంపు మార్చాలా, ఇంకు మార్చాలా, నా చెయ్యి మార్చుకోవాలా? మూత కొలత గురించి కూడా ఎవరైనా చెప్తే సంతోషం. ఒకసారి బిగుసుకుపోతుంది, ఇంకోసారి జారిపోతుంది.

సిరామరక

స్టాంపు మంచిదే, దాని జోలికి పోకండి. చెయ్యి సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇంకు.

మీ నల్ల ప్యాడ్ నీళ్ళలో కరిగే డై ఇంకు అయ్యుంటుంది. అది కాగితం పీచుల్లోకి పీల్చుకుపోతుంది కాబట్టి చూస్తుండగానే ఆరిపోతుంది. తడి కుంచె తగలగానే మళ్ళీ లేస్తుంది. రాత్రంతా కాదు, వారమంతా ఆరబెట్టినా లేస్తుంది. మీకు కావలసింది నీటికి నిలిచే నలుపు. రేంజర్ వాళ్ళ ఆర్కైవల్ గానీ, వెర్సాఫైన్ గానీ చూడండి. వెర్సాఫైన్ పిగ్మెంట్ ఇంకు, ఆరడానికి కాస్త సమయం తీసుకుంటుంది, కానీ ఫెర్న్ ఆకులో ఉండే సన్న ఈనెల్ని అది పట్టినట్టు చాలా ఇంకులు పట్టవు. వేడి గాలి చూపిస్తే త్వరగా గట్టిపడుతుంది.

ఒకటి గుర్తుపెట్టుకోండి. రేపు వాటర్ కలర్ మానేసి ఆల్కహాల్ మార్కర్లకి మారితే లెక్క మారుతుంది. అప్పుడు మెమెంటో లాంటి డై ఇంకు గీత చెక్కు చెదరదు, ప్లాస్టిక్కు మీదా గాజు మీదా వాడే సాల్వెంట్ ఇంకు గీతలు మాత్రం మార్కరుతో పాటే పారతాయి. నలుపుల్లో ఏది మంచిదని అడిగేవాళ్ళని నేను ముందు "దేంతో రంగు నింపుతారు?" అని అడుగుతాను.

మీరు చేస్తున్న ఆ కరిగే పనిని కావాలనే చేసేవాళ్ళూ ఉన్నారు. డిస్ట్రెస్ ఇంకులు నీళ్ళు తగిలితే పారేలాగే తయారవుతాయి. లేత ఆకుపచ్చతో గీత వేసి, తడి కుంచెతో ఆ గీతలోంచే రంగును లోపలికి లాగితే వేరే రంగు అక్కర్లేదు. నలుపుతో చేస్తేనే మసి అవుతుంది.

ఇక తెల్ల ఇంకు. అది పిగ్మెంటే, అంటే రంగు పొడి కాగితంలోకి దిగకుండా పైనే ఉంటుంది. కొత్తగా సున్నం వేసిన గోడకి వీపు ఆనిస్తే ఏమవుతుందో మీ వేలికి అదే అవుతోంది. కార్డు అయితే ఒకసారి చదివి పక్కన పెడతారు, పరవాలేదు. డబ్బాని ఊరికే పట్టుకుంటారు, తీస్తారు, మూస్తారు. అందుకని డబ్బా మీద ఉత్త తెల్ల ఇంకు వద్దు, ఎంబాసింగ్ పౌడర్ వాడండి. వెర్సామార్క్ అని రంగులేని జిగురు ఇంకు ఉంటుంది. దాంతో ముద్ర వేసి, తడి ఆరకముందే తెల్ల పౌడర్ చల్లి, అంటుకోని పొడిని సీసాలోకి దులిపేసి, హీట్ గన్‌తో కరిగించాలి. కరిగి గట్టిపడితే ప్లాస్టిక్ పూతలా నిలుస్తుంది, గోటితో గీకినా తొందరగా పోదు. పైగా క్రాఫ్ట్ అట్ట తెల్ల ఇంకుని ఆరేకొద్దీ మింగేస్తుంది, సాయంత్రానికి బూడిదరంగులోకి దిగుతుంది. పౌడర్ తెలుపు తెలుపుగానే ఉంటుంది.

ముద్ర వేసేముందే అట్ట మీద టాల్కమ్ పౌడర్ మూట ఒకసారి తేలిగ్గా ఆడించండి. మన చేతి తడికీ, కాగితంలో ఉండే స్థిర విద్యుత్తుకీ ఎంబాసింగ్ పొడి ఎక్కడెక్కడో అంటుకుని, కాల్చాక తెల్ల చుక్కలై కూర్చుంటుంది. అయినా మిగిలిన రేణువుల్ని పొడి కుంచెతో తుడిచేయండి. హీట్ గన్‌ని ముందు గాల్లో కొన్ని సెకన్లు వేడెక్కనిచ్చి అప్పుడు అట్ట దగ్గరికి తీసుకురండి, చల్లగా ఉన్నప్పుడే పెడితే గాలికి పొడి ఎగురుతుంది. ఒక మూల నుంచి మొదలుపెట్టండి. గరుకుగా ఉన్నది నున్నగా మెరవగానే ముందుకు జరపాలి. అక్కడే ఉంచితే పూత అట్టలోకి దిగిపోయి నూనె మరకలా అవుతుంది, అట్ట కూడా వంకర తిరుగుతుంది. హెయిర్ డ్రయర్‌తో అవుతుందా అని అడక్కండి, అవదు. దాని వేడి చాలదు, గాలి ఎక్కువ.

ఇక చెయ్యి. అంత పెద్ద స్టాంపుని ప్యాడ్ మీద నొక్కకూడదు. స్టాంపుని బొమ్మ పైకి ఉండేలా ఎడమ చేత్తో పట్టుకుని, ప్యాడ్‌తో దాని మీద తట్టాలి. ఇంకు బొమ్మకే అంటుతుంది, చుట్టూ ఉన్న పల్లపు రబ్బరుకి అంటదు. మీ అంచు గీత అక్కడి నుంచే వస్తోంది. అయినా అంటితే తడి గుడ్డతో ఆ అంచు ఒక్కటే తుడిచి అప్పుడు వెయ్యండి. నొక్కేటప్పుడు అటూ ఇటూ ఊపకుండా, నిలబడి, రెండు చేతుల వేళ్ళనీ దిమ్మ మధ్యలో ఆనించి నిలువుగా బరువు వెయ్యాలి. కాగితం కింద మౌస్ ప్యాడ్ లాంటి మెత్తటిది వేసుకుంటే మధ్య భాగం కూడా పడుతుంది.

ముందుమడత

సిరామరక గారు చెప్పిన ఇంకుల సంగతి నూటికి నూరుపాళ్ళూ నిజం. మౌస్ ప్యాడ్ దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. చెక్క దిమ్మ స్టాంపుల్లో రబ్బరుకీ చెక్కకీ మధ్య ఒక ఫోమ్ పొర ఉంటుంది. కింద ఇంకో మెత్తటిది వేస్తే కాగితం గుంటపడి అంచు గీత ఇంకా ఎక్కువ దిగుతుంది. మెత్తటిది కావలసింది అక్రిలిక్ బ్లాకు మీద అంటించే పారదర్శక పాలిమర్ స్టాంపులకి, వాటి వెనక ఏ పొరా ఉండదు. మీ దిమ్మకి గట్టి బల్లే మంచిది.

అరచెయ్యంత స్టాంపుకి నేనైతే తలకిందులుగా చేస్తాను. ఇంకు పట్టించిన స్టాంపుని బొమ్మ పైకి ఉండేలా బల్ల మీద పెట్టి, దాని మీద కాగితం పరిచి, పైన ఒక చిత్తు కాగితం వేసి, వేళ్ళతో మధ్య నుంచి అంచులకి రుద్దండి. కాగితం జరగకూడదు, అంతే. ఎక్కడ నొక్కారో, ఎక్కడ వదిలేశారో వేలికే తెలుస్తుంది.

నేను అట్టల పనిలో ఉన్నవాణ్ణి, డబ్బా లెక్క చెప్తాను. చదరపు డబ్బాకి కాగితం కొలత అంటే డబ్బా వెడల్పు, దానికి రెండు ఎత్తులు కలపాలి. 9 సెంటీమీటర్ల డబ్బా, 3 ఎత్తు అనుకోండి. 9కి 6 కలిపితే 15. అంటే 15 సెంటీమీటర్ల చదరం కోసి, నాలుగు వైపులా అంచు నుంచి 3 దగ్గర మడత గీత పెట్టాలి. మూత వెడల్పు 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి, 9.3. మూత ఎత్తు 2.5 చాలు. 9.3కి 5 కలిపితే 14.3. ఈ రెండు చదరాలూ పక్కపక్కన పెడితే 29.3 సెంటీమీటర్లు, ఏ4 కాగితం పొడవు 29.7. ఒక్క షీటులో డబ్బా, మూత రెండూ వచ్చేస్తాయి. మిగిలే పట్టీ పారేయకండి, ఇంకు సరిపోతుందో లేదో చూసుకోవడానికి అదే అట్ట కావాలి. వేరే కాగితం మీద చూసుకుంటే లాభం లేదు.

ఆ 3 మిల్లీమీటర్లు ఎందుకంటే మూలల్లో అట్ట రెండు పొరలవుతుంది, గమ్ము మందం కూడా ఉంటుంది. 250 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని అట్ట బరువు) అట్టకి 2 మిల్లీమీటర్లతో కూడా సరిపోవచ్చు, 300కి 3 పెట్టుకోండి. మీ మూత ఒకసారి బిగుసుకుని ఒకసారి జారుతోందంటే మడత గీతలు ప్రతిసారీ ఒకే చోట పడటం లేదు. స్కేలు గీతకి ఒకే వైపు పెట్టండి. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు వెంట గట్టిగా గీస్తే చాలు. గాడి పడిన వైపు డబ్బాకి బయటికి రావాలి, వెనక లేచిన గట్టు మడత లోపలికి పోవాలి. చాలామంది తిరగేసి మడుస్తారు, అప్పుడు మడత దగ్గర అట్ట పగులుతుంది. మూలలకి తడి గమ్ము కంటే డబుల్ సైడ్ టేపు శుభ్రం. తడి గమ్ము వాడితే పలచగా రాసి క్లిప్పు పెట్టండి.

కార్డుకి ఏ4ని అడ్డంగా రెండుగా కోసి మడిస్తే 105 × 148.5 మిల్లీమీటర్లు వస్తుంది, సీ6 కవరులో సరిపోతుంది. మడత కాగితం పీచు నడిచే దిక్కునే రావాలి. షీటుని మడవకుండా ఊరికే వంచి చూడండి, ఏ వైపు తేలిగ్గా వంగుతుందో పీచు ఆ మడత వెంటే ఉన్నట్టు.

కాగితప్పడవ

ఇద్దరికీ చాలా థాంక్స్. తలకిందుల పద్ధతి ఇప్పుడే చేశాను, ఆకు మధ్య ఈనె పడింది! ఇంకా రెండు సందేహాలు. స్టాంపు ఎప్పుడు వెయ్యాలి, డబ్బా మడిచాకా, ముందా? కార్డు లోపల "శుభాకాంక్షలు" అని తెలుగులో స్టాంపు కావాలి. నాకు ఎక్కడా దొరకలేదు. ఎరేజరు మీద చెక్కుకోవచ్చంటున్నారు, నిజమేనా సిరామరక గారూ?

సిరామరక

ఫోమ్ పొర మాట ముందుమడత గారిదే కరెక్టు, చెక్క దిమ్మకి మౌస్ ప్యాడ్ తీసేయండి.

స్టాంపు ఎప్పుడైనా అట్ట బల్లపరుపుగా ఉన్నప్పుడే. ఇంకుతో అయితే ముందు ముద్ర, తర్వాత మడత గీత. గీత ముందే ఉంటే ఆ గాడిలో ఇంకు పడక బొమ్మ మధ్యలో సన్నటి ఖాళీ వస్తుంది. పౌడర్‌తో అయితే బొమ్మ అసలు మడత మీదికే రాకూడదు, కరిగిన పూత మడతలో పెంకులు లేస్తుంది. కాబట్టి పెన్సిలుతో గీతల చోటు లేతగా గుర్తుపెట్టుకుని, ఆకుని మూత పైభాగం లోపలే కూర్చోబెట్టండి. అరచెయ్యంత ఆకు 9.3 చదరంలో పట్టకపోతే డబ్బా పెద్దది చెయ్యండి, అప్పుడు రెండు షీట్లు అవుతాయి.

ఎరేజరు చెక్కడం నిజమే, నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన పని కూడా. కానీ మొదటిసారే "శుభాకాంక్షలు" ఎత్తుకోకండి. క్ష లోపలి సందులూ, భ పొట్టా చిన్న సైజులో చెక్కితే ఇంకు నిండి మూసుకుపోతాయి. "మీకోసం" లాంటిది తీసుకోండి, అన్నీ గుండ్రని అక్షరాలు, ఒక్క ఒత్తు కూడా లేదు. అక్షరం ఎత్తు సెంటీమీటరుకి తగ్గనివ్వకండి. సన్న గీతల కంటే లావు గీతలే రాయండి.

మెత్తటి పెన్సిలుతో ట్రేసింగ్ పేపరు మీద మామూలుగానే రాసి, రాసిన వైపు ఎరేజరుకి ఆనించి వెనక నుంచి గోటితో రుద్దండి. ఎరేజరు మీద అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది, అచ్చు వేస్తే సరిగ్గా పడుతుంది. మీరు బుర్ర పెట్టి తిరగేయక్కర్లేదు. వీ ఆకారపు లైనో ఉలితో, అంటే అచ్చు దిమ్మలు చెక్కే చిన్న ఉలితో, అక్షరం చుట్టూ చెక్కుతారు. గుండ్రటి చోట ఉలిని తిప్పకండి, ఉలి నిలకడగా ఉంచి ఎరేజరుని తిప్పండి, అప్పుడే తలకట్టు వంపు నున్నగా వస్తుంది. కోత అక్షరం నుంచి బయటికి వాలుగా ఉండాలి. అక్షరం కిందికి దూరితే నొక్కినప్పుడు గీత ఒరిగిపోయి విరుగుతుంది. అక్షరాల లోపలి సందులు ముందు, బయటి భాగం తర్వాత. ఉలి ఎప్పుడూ మీ నుంచి అవతలికే పోవాలి, పట్టుకున్న చెయ్యి దానికి వెనకే ఉండాలి.

దీనికి పిగ్మెంట్ ఇంకు బావుంటుంది, సాల్వెంట్ ఇంకు దగ్గరికి రానివ్వకండి. పని అయ్యాక తడి గుడ్డతో తుడిచి కాగితంలో చుట్టి పెట్టుకోండి, ప్లాస్టిక్ డబ్బాలో వేస్తే వినైల్ ఎరేజరు ఆ ప్లాస్టిక్కుకే అతుక్కుపోతుంది. మీ చెక్క స్టాంపుని కూడా నీళ్ళలో నానబెట్టకండి, దిమ్మకి వేసిన గమ్ము ఊడుతుంది. రబ్బరు మీద నల్ల మరక మిగిలితే మిగలనివ్వండి, ముద్రకి దాంతో ఏ ఇబ్బందీ లేదు.

కాగితప్పడవ

"మీకోసం" అనే చెక్కుతాను, ఖాయం. పౌడర్ కొనబోతే రకాలు కనిపించాయి, మామూలుది, డీటెయిల్ అని ఇంకోటి. ఫెర్న్‌కి ఏది?

సిరామరక

డీటెయిల్. దాని రేణువు సన్నం, ఈనెల మధ్య ఖాళీలు పూడిపోవు. మామూలుది లావు అక్షరాలకి వాడుకోండి, ఎరేజరు స్టాంపు ముద్ర మీద కూడా బానే పడుతుంది.