పీహెచ్‌సీల్లో కాన్పు నైపుణ్యాల సాధన: ఆక్సిటోసిన్ నిల్వ, రక్తస్రావం కొలత గురించి సలహా కావాలి

నమస్కారం అండీ. తాడికొండ, మంగళగిరి చుట్టుపక్కల ఏఎన్‌ఎంలకు, స్టాఫ్ నర్సులకు నెలకోసారి కాన్పుల సాధన పెట్టాలనుకుంటున్నాం. కేంద్ర ప్రభుత్వ 2018 మార్గదర్శకాలతో వచ్చిన 18 నెలల నర్స్ ప్రాక్టీషనర్ మిడ్‌వైఫరీ (నర్సులకు కాన్పు పనిలో ప్రత్యేక) శిక్షణ మంచిదే. కానీ అది పూర్తయ్యాక జనరల్ వార్డులో వేస్తే చేయి తిరిగిన పని కూడా మరుపున పడుతుంది.

అసలు తలనొప్పి ఆక్సిటోసిన్, అంటే కాన్పయ్యాక గర్భసంచిని గట్టిపరిచి రక్తస్రావాన్ని అదుపు చేసే ఇంజెక్షన్. కడుపులో ఇంకో బిడ్డ లేదని చూసుకుని, కాన్పైన నిమిషంలోపు 10 యూనిట్లు కండకు ఇవ్వాలి. నిల్వ 2–8 డిగ్రీల మధ్య. మే ఎండలో, కరెంటు లేనప్పుడు ట్రేలో వదిలేసిన యాంపూల్ (మందు గాజుబుడ్డి) చూడ్డానికి బాగానే ఉంటుంది, బలం మాత్రం తగ్గిపోతుంది. గర్భసంచి గట్టిపడకపోతే మందుని ఎవరూ అనుమానించరు, అదే ప్రమాదం. టీకాల ఐఎల్‌ఆర్‌లో (టీకాలు దాచే ప్రత్యేక ఫ్రిజ్‌లో) వేరే డబ్బాలో, పేరు రాసి పెట్టుకోవడానికి మీ మెడికల్ ఆఫీసర్ ఒప్పుకున్నారా? అర్జీలో ఏం రాశారు? వ్యాక్సిన్ క్యారియర్ వాడేవాళ్లు ఐస్ ప్యాక్‌కు చెమట పట్టేదాకా ఆగుతున్నారా, లేక యాంపూళ్లు గడ్డకడుతున్నాయా?

రెండోది రక్తస్రావం. కంటి అంచనా తరచుగా తక్కువే వస్తుంది. తడిసిన ప్యాడ్ల బరువులోంచి పొడి బరువు తీసేస్తే గ్రాముకు ఒక మిల్లీలీటరు లెక్క. 500 మిల్లీలీటర్లు దాటితే చికిత్సకు ఆలస్యం చేయకూడదు. సాధనకు రంగు నీళ్లు మరీ పల్చగా పారి కంటిని మోసం చేస్తున్నాయి. గంజిలో రంగు కలిపి చూసినవాళ్లు పాళ్లు చెప్పగలరా?

విజయవాడ, గుంటూరుల్లో రిటైరైన లేబర్ రూమ్ సిస్టర్లు ఎవరైనా నేర్పడానికి వస్తారా? దారిఖర్చులు మేమే పెట్టుకుంటాం.