‘నాడీసంధి’లో ఉన్నది ఏ సంధి?

జీవశాస్త్ర పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నాను. ఒక నాడీకణం నుంచి ఇంకోదానికి సంకేతం దాటే చోటుని, అంటే సినాప్స్‌ని, ‘నాడీసంధి’ అన్నాను. మా అబ్బాయి చదివి, “రామ, ఆలయం కలిసి రామాలయం అయినట్టు రెండు నాడీకణాలూ కలిసిపోతాయా?” అని అడిగాడు. ఈ మాట ఉంచవచ్చంటారా?

— మీవాడి అనుమానం సరైనదేనండీ. మెదడులో ఎక్కువగా ఉండే రసాయన సినాప్స్‌లో (సంకేతం రసాయనంగా దాటే రకం) కణాలు కలిసిపోవు, మధ్యలో సుమారు 20 నానోమీటర్ల ఖాళీ ఉంటుంది. 1897లో శరీరధర్మ శాస్త్రవేత్త షెరింగ్టన్‌కి కణాలు ఇలా చేరే చోటుకి పేరు కావాల్సివస్తే, గ్రీకు పండితుడు వెరాల్ సూచించిన మాట ‘సినాప్స్’. గ్రీకు మూలానికి ‘కలిపి పట్టుకోవడం’ అని అర్థం. మన ‘సందిట చేర్చుకోవడం’ దానికి ఎంత దగ్గరో చూడండి! సందిట ఉన్నా ఇద్దరూ ఇద్దరే.

ఆ పట్టు ప్రోటీన్లది. సంకేతం పంపే కణం పొర మీద న్యూరెక్సిన్, అందుకునే కణం పొర మీద న్యూరోలిగిన్ ఉండి, ఖాళీలో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. 2000లో వచ్చిన ఒక ప్రయోగం గురించి ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. నాడీకణమే కాని ఒక మామూలు కణంలో న్యూరోలిగిన్ తయారయ్యేలా చేశారు. దాన్ని తాకిన నాడీతంతువు అక్కడే సంకేతం పంపే సరంజామా అంతా అమర్చుకోసాగింది. ఇందులోనూ రకాలున్నాయి: న్యూరోలిగిన్ 1 ఉత్తేజపరిచే సినాప్స్‌ల దగ్గర, న్యూరోలిగిన్ 2 ముఖ్యంగా నిరోధించే వాటి దగ్గర కనిపిస్తాయి.

వ్యాకరణంలోనే పోలిక కావాలంటే సంధి కన్నా యడాగమం నయం. మా, అమ్మ కలిసి ‘మాయమ్మ’ అయినప్పుడు రెండు అచ్చులూ చెక్కుచెదరవు, మధ్యలో ‘య’ వచ్చి నిలబడుతుంది. చిన్నమెదడులో సెరిబెల్లిన్ 1 అనే ప్రోటీన్ చేసే పని అచ్చం ఇదే. సంకేతం పంపే సమాంతర తంతువు నుంచి ఖాళీలోకి వచ్చి, ఒక చేత్తో న్యూరెక్సిన్‌ని, ఇంకో చేత్తో సంకేతం అందుకునే పర్కింజీ కణం మీది గ్లూడి2 గ్రాహకాన్ని పట్టుకుంటుంది. ఈ ప్రోటీన్ లేని ఎలుకల్లో ఆ సినాప్స్‌లు బాగా తగ్గిపోతాయి, నడక తూలుతుంది.

— అయితే ‘నాడీసంధి’ తీసేయమంటారా?

— వద్దండీ. కీలునీ సంధి అనే అంటాం, సంధివాతం అంటే కీళ్లవాతమే కదా. కీలులో ఎముకలు కలిసిపోవు. మాట మొదటిసారి వచ్చినచోట ‘ఇక్కడ సంధి అంటే కీలు’ అని ఒక్క ముక్క రాయండి.