మొదటి గాలం ఇసుక మీదనా, జెట్టీ మీదనా?

కొత్త గాలం (విశాఖపట్నం):
చిన్నప్పుడు ఊరి చెరువులో బొచ్చెలు పట్టిన చేయి నాది. సముద్రం మాత్రం కొత్త. పోయిన నెల పన్నెండు అడుగుల రాడ్, దానికి తగ్గ పెద్ద రీలు కొన్నాను. నాలుగు ఆదివారాలు రుషికొండ దాటి భీమిలి వైపు ఇసుకలో నిలబడి, ఎనభై గ్రాముల సీసం కట్టి, భుజం నొప్పి పుట్టేదాకా దూరంగా విసిరాను. దక్కినవి గంపెడు నాచు, ఒక పీత. ‘తిరిగి వచ్చేటప్పుడు బజారులో చేపలు తీసుకురండి’ అని మా ఆవిడ ముందే సంచి ఇచ్చి పంపుతోంది. ఇసుక వదిలేసి జెట్టీకి వెళ్లమని ఒక మిత్రుడి సలహా. కొత్తవాడికి ఏది మేలు?

పసిఫిక్ పక్కవాడు (లాస్ ఏంజెలిస్):
జెట్టీయే, ఇందులో ఆలోచించేది ఏముంది? మాది కాకినాడ. నేను సముద్రంలో గాలం వేయడం నేర్చింది ఇక్కడ శాంటా మోనికా పియర్ మీద, అంటే సముద్రంలోకి కట్టిన జెట్టీ మీద. విసిరే విద్య రాకపోయినా ఫరవాలేదు, ఎర నేరుగా కిందికి దింపితే చాలు. స్తంభాల నీడన చిన్న చేపలు చేరతాయి, వాటి కోసం పెద్దవి వస్తాయి. మొదటి రోజే మన కానాగంతలకు దగ్గర చుట్టాలు నాలుగు తగిలాయి. పైగా కాలిఫోర్నియాలో సముద్రం మీది ప్రజా పియర్లపై లైసెన్సు అక్కరలేదు. అదే పక్కన ఇసుకలో నిలబడి గాలం వేస్తే, పదహారేళ్లు నిండినవారికి లైసెన్సు ఉండాలి. కొత్తవాళ్లు అందుకే పియర్ ఎక్కుతారు.

ఉప్పుగాలి (విశాఖపట్నం):
అయ్యా, మీ పియర్ షికారుకు కట్టింది. మా జెట్టీ పడవలకు కట్టింది. తెల్లవారుజామున రేవులో ఐసు పెట్టెలు దించేవాళ్లు, తట్టలు మోసే ఆడవాళ్లు, వేలంపాట, కాళ్లకు అడ్డంపడే మోకులు. వాళ్ల కూటి పని మధ్య మనం సరదాకు గాలం ఊపుకుంటూ నిలబడడం నాకు నచ్చదు. ఓడరేవు లోపలికైతే భద్రతా సిబ్బంది రానివ్వరు కూడా. ఇక ఆ స్తంభాల సంగతి: వాటికి పట్టిన గుల్లలు బ్లేడులాంటివి. ఒక చిన్న రేవులో ఒక్క పూటలో ఐదు సీసం గుండ్లు పోగొట్టుకున్నాను. ఆరోసారి మంచి చేపే తగిలింది. నీటి నుంచి పైకి మనిషి ఎత్తున్నర. కింద వల పట్టేవాడు లేక, దాన్ని దారంతోనే పైకి లాగాను. సగంలో దారం తెగింది. అది నీటిలో పడిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

తంగూసు తాతయ్య (భీమిలి):
కొత్త గాలం బాబూ, చోటు మార్చనక్కరలేదు, దూరం మార్చుకో. నువ్వు విసురుతున్నది చేపల తల మీదుగా.

పాటు బాగా తీసి నీరు వెనక్కి పోయిన వేళ రాడ్ ఇంట్లో పెట్టి ఒట్టి చేతులతో ఒడ్డుకు వెళ్లు. ఒడ్డుకు సమాంతరంగా ఇసుక మేట ఒకటి తేలుతుంది. మేటకూ ఒడ్డుకూ మధ్య కాలువలాంటి పల్లం ఉంటుంది. కెరటం విరిగి తెల్లబడే చోట లోతు తక్కువ. విరగకుండా నల్లగా సాగే చోట లోతు ఎక్కువ. మళ్లీ పోటు ఎక్కేటప్పుడు చేపలు ఆ పల్లంలోకే మేతకు వస్తాయి. ఒక్కోసారి నీ కాళ్లకు ఇరవై గజాల దూరంలోనే. చోటు గుర్తుకు వెనక ఒడ్డున ఏ తాటిచెట్టో చూసిపెట్టుకో. పోటు వేళ రోజుకు ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి పోయిన ఆదివారం లెక్క ఈ ఆదివారం పనికిరాదు.

రాడ్ కూడా తర్వాతి మాట. మా నాన్న ఒక చెక్క ముక్కకు తంగూసు దారం చుట్టుకొని, చూపుడు వేలి మీద దారం ఆనించి కూర్చునేవాడు. కెరటం లాగితే మెల్లగా బిగుస్తుంది, చేప లాగితే టకటకమని కొడుతుంది. ఆ తేడా వేలికి తెలియాలి. ఎరకు పచ్చి రొయ్య, అదీ చిటికెన వేలంత ముక్క చాలు. గోస్తని సముద్రంలో కలిసే చోట ఓపిక పడితే పండుగప్ప కూడా తగలవచ్చు కానీ దానికి ఈ దారం చాలదు, ముందే చెబుతున్నాను.

పసిఫిక్ పక్కవాడు:
తాతయ్యగారూ, మీరు చెప్పిన పల్లంతోనే నా పేచీ. మేటను తెంచుకొని నీరు సముద్రంలోకి జోరుగా మళ్లేది కూడా అలాంటి నల్లటి చోటనే. కొత్తవాడు ఇంకో నాలుగు అడుగులు వేద్దామని నడుము లోతుకు దిగితే? జెట్టీ మీద ఆ భయం లేదు.

తంగూసు తాతయ్య:
నిజమే, అది రాయకపోవడం నా తప్పు. మోకాలు తడిస్తే వెనక్కి రావాలి. ఇంకోటి, మొదట తగిలేది బహుశా జెల్ల. వీపు మీద ఒకటి, చెంపల వెనక చెరొకటి, మూడు ముళ్లు, మూడింటిలోనూ విషం. ఒట్టి చేత్తో పట్టవద్దు. తడి తువ్వాలు, పట్టకారు దగ్గర ఉంచుకో. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో గంటసేపు చేయి పెట్టాలి. ముల్లు లోపల విరిగితే ఆసుపత్రికి పోవాలి. ఒడ్డుకు తీయగానే పొట్ట ఉబ్బించుకునే చేప వస్తే మాత్రం కూరకు వద్దు. దాని విషం ఎంత ఉడికించినా పోదు.

ఉప్పుగాలి:
చేప పట్టినా పట్టకపోయినా ఇంటికి రాగానే రీలును మంచినీళ్లతో కడగండి. నా మొదటి రీలు ఉప్పుకు బిగుసుకుపోయి ఇప్పుడు పుస్తకాలకు అడ్డుగా నిలబడింది. తెగిన దారం కూడా ఇసుకలో వదలకండి. జనవరి నుంచి అక్కడికే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి.

కొత్త గాలం:
ఈ ఆదివారం సంగతి. శనివారం సాయంత్రం పాటు వేళ వెళ్లి పల్లం చూసుకున్నాను, ఆనవాలు ఒక బోర్లించిన తెప్ప. పొద్దున వెళితే ఆ తెప్పే లేదు, వేటకు పోయింది! అందాజుగా నిలబడి ఇరవై గజాలకు వేశాను. అరగంటకు టకటక. జెల్ల, జానెడు. మా ఆవిడ పులుసు పెట్టింది. సంచి ఇవ్వడం మాత్రం మానలేదు.

పసిఫిక్ పక్కవాడు:
ఒక్క జెల్లకు ఐదు ఆదివారాలు! సరే, తువ్వాలు వాడారా?

కొత్త గాలం:
వాడాను. అది మా ఆవిడ కొత్త తువ్వాలని ఇంటికి వచ్చాక తెలిసింది.