ఎక్స్‌పల్స్ బైక్‌కి మొదటగా ఏం మార్చాలి?

నెల క్రితం హీరో వాళ్ల ఎక్స్‌పల్స్ 200 4వీ బైక్ తీసుకున్నాను. ఆదివారాలు వికారాబాద్ వైపు మట్టిదారుల్లో తిప్పుతున్నాను. మొన్న వాన పడ్డాక ఎర్రమట్టిలో ముందు చక్రం సర్రున జారింది, బండి ఎడమవైపు పడింది. క్లచ్ లివర్ కొక్కెంలా వంగిపోయింది. తప్పు నాదే లెండి, పక్కనున్న గేదెల్ని చూస్తున్నా!

చేతిలో 15 వేలున్నాయి. మొదట టైర్లా, లివర్లకి అడ్డంగా ఉండే మెటల్ హ్యాండ్ గార్డులా? సైలెన్సర్ మార్చమని ఫ్రెండ్ ఒకటే పోరు. చప్పుడు తప్ప ఒరిగేదేముంది?

ముందు 21, వెనక 18 అంగుళాల చక్రాలు. వారమంతా ఆఫీసుకీ ఇదే బండి. పూర్తి నాబీ టైర్లు (మట్టి కోసం పెద్ద పెద్ద గడ్డలుండేవి) వేస్తే తడి తారురోడ్డు మీద బ్రేక్ పట్టు తగ్గుతుందని భయం. మట్టిలో గాలి ఎంత తగ్గించొచ్చు? ట్యూబ్ టైర్లు కదా, రాళ్ల దగ్గర పంక్చర్ టెన్షన్. వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్.